డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి

విశాఖపట్టణమునుండి అనకాపల్లి పోవు పెద్దబాటలో గాజువాక దాటిన పిమ్మట అగనంపూడి యను ఊరు వచ్చును. ఉక్కు కర్మాగారమునకు అది పొరుగు. అచ్చట నిప్పుడు హోమీభాభా కేన్సరు ఆస్పత్రి కలదు. అణుశక్తి శాఖకు చెందిన టాటా స్మారక కేంద్రమువారు దానిని నడుపుచున్నారు. శ్రీకాకుళమునుండియు, విజయనగరమునుండియు, మన్యపు గూడెములనుండియు, ఒడిశా పొలిమేరలనుండియు రోగులచ్చటికి వత్తురు. ఆ వాకిట ఒక పూట నిలిచి చూచినచో రోగి యొంటరిగా వచ్చుట మిక్కిలి యరుదని తెలియును. ప్రతి రోగివెంట భార్యయో, తల్లియో, అన్నయో, ఎదిగిన కుమార్తెయో ఉండును. చంకలో చాప, చేతిలో అన్నపు డబ్బా, ఎక్సురే పటములు గల పెద్ద సంచి, ఇవి ఆ తోడు వచ్చినవారి గుర్తులు. వైద్యుని గదిలోనికి పోవునపుడు రోగి ముఖముకంటె తోడు వచ్చినవారి ముఖమే ఎక్కువ వాడియుండుట నేను పలుమారులు చూచితిని.

ఈ ఆస్పత్రి లేని దినములలో మా ప్రాంతపువారు పలువురు వాల్తేరు స్టేషనులో మద్రాసు మెయిలు ఎక్కి అడయారు పోవుచుండిరి. నా చిన్నతనమున ఫలానా యింటివారు అడయారు పోయినారన్న మాట వినినంతనే పెద్దలు గొంతు తగ్గించి మాటలాడెడివారు. ఆ రోగపు పేరు పలుకుటకు జంకి, ఊరి పేరే రోగమునకు మారుపేరుగా వాడిరి. మన పూర్వులు రాచపుండు అని పిలిచిన ఆ వ్యాధికి దక్షిణదేశమున ఒక ప్రత్యేక వైద్యాలయము కావలెనని తలచి, ముప్పది యేండ్లకు పైగా ఆ తలపును విడువక, తుదకు సాధించిన స్త్రీ డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి. ఆ తలపు ఆమెకు సభలో పుట్టినది కాదు. రోగియైన తన చెల్లెలి మంచము ప్రక్కన పుట్టినది.

ముత్తులక్ష్మి 1886 జూలై 30వ తేదీన పుదుక్కోట సంస్థానమున జన్మించెను. తండ్రి నారాయణస్వామి అయ్యరు అచ్చటి మహారాజా కళాశాలకు అధ్యక్షుడు. తల్లి చంద్రమ్మాళు ఆలయములకు కన్యల నంకితము చేయు ఆచారము గల కులమునందు పుట్టినది. ఆమెను పెండ్లాడిన కారణమున నారాయణస్వామి అయ్యరునకు స్వజనులు దూరమైరి. తండ్రి కులమువారు తమదానిగా నెన్నకయు, తల్లి కులము పేరెత్తి లోకులు చులకన సేయుచుండగను ఆ బాలిక పెరిగెను. ఏ తప్పును చేయని బిడ్డ, పుట్టుక కారణముగా తలవంచుకొని నడువవలసి వచ్చుట ఎట్టిదో ఆమె చిన్ననాటనే యెరిగెను. తరువాతి కాలమున ఆమె చేసిన శాసనకార్యమున కిదియే మూలము.

తండ్రి ఆమెకు చదువు చెప్పించెను. ఆనాటి యాచారము ననుసరించి కొంత వయసు వచ్చిన పిమ్మట ఆమె పాఠశాలకు పోవుట మానవలసి వచ్చెను. తండ్రి ఇంటిలోనే పాఠములు చెప్పి, ఉపాధ్యాయులచే చెప్పించి, ఆమెను మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండబెట్టెను. ఆమె కృతార్థురాలయ్యెను. అటుపై కళాశాల. మహారాజా కళాశాలలో అంతవరకు బాలురు మాత్రమే చదువుచుండిరి. బాలికను చేర్చుకొనినచో కళాశాల పాడగునని కొందరు, ఇట్టి పుట్టుక గల బాలికను చేర్చుకొనరాదని మరికొందరు అలజడి చేసిరి. పుదుక్కోట మహారాజు ఆ మాటలను లక్ష్యపెట్టక 1904లో ఆమెకు ప్రవేశము కల్పించెను. మూసిన బండిలో పోయి, తరగతిలో మరుగున కూర్చుండి ఆమె చదివెను.

1907లో ఆమె మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. అచ్చటను ఆడుపిల్లయని అడుగడుగున అడ్డంకులే. శరీరారోగ్యము అంత గట్టిది కాదు. చదువు మిక్కిలి కఠినము. అయినను పెక్కు బహుమానములు గడించి 1912లో వైద్యపట్టమును పొందెను. ఎగుమూరులోని స్త్రీ శిశు వైద్యశాలలో ఆమె హౌసు సర్జనుగా పనిచేసెను. ఆ పదవి నధిష్ఠించిన తొలి స్త్రీ ఆమెయే. విద్యార్థినిగా నున్న దినములలోనే ఆమెకు సరోజినీనాయుడు పరిచయమయ్యెను. గాంధీమహాత్ముని యొక్కయు, అనిబిసెంటు యొక్కయు ప్రభావము ఆమెపై పడెను.

1914లో ఆమె డాక్టరు సుందరరెడ్డిని వివాహమాడెను. ఈ వివాహమునకు ముందు ఆమె ఒక షరతు పెట్టెనని చెప్పుదురు. తన్ను తనతో సమానురాలిగా చూడవలెననియు, తాను చేయదలచిన పనులకు అడ్డు రాకూడదనియు ఆమె కోరెను. వరుడు సమ్మతించెను. ఆనాడు ఇట్టి షరతు పెట్టుట యెంత సాహసమో, దానికి సమ్మతించి జీవితాంతము మాట నిలుపుకొనుటయు అంత గొప్పదనమే యని నా యభిప్రాయము. వారికి రామమోహనుడు, కృష్ణమూర్తి యను ఇరువురు కుమారులు కలిగిరి.

ముత్తులక్ష్మి చెల్లెలి పేరు సుందరాంబాళు. 1923లో ఆమె కేన్సరు వ్యాధిచే మరణించెను. వ్యాధి మలాశయమునకు వచ్చినది. ఈ వ్యాధి మొదట తన్ను తాను దాచుకొనును. రక్తము పడుట, పలుమారులు విరేచనమగుట, నీరసించుట, ఇవియన్నియు జిగట విరేచనముల లక్షణములనే పోలియుండును. మన దేశమున జిగట విరేచనములు సామాన్యమైన జబ్బు గనుక, పరీక్ష చేయు పరికరములు లేని ఆ దినములలో ఎట్టి వైద్యుడైనను మొదట దానినే యనుమానించును. దానికి తగిన మందులే యిచ్చును. అసలు వ్యాధి బయటపడునప్పటికి కాలము మించిపోవును. సుందరాంబాళు విషయమున జరిగినదియు నిదియే.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆ యింటి పరిస్థితి నూహింపవలెను. రోగికి అక్క వైద్యురాలు, బావ వైద్యుడు. చెన్నపట్టణమంతటి నగరమున వారి నివాసము. పేరుగల వైద్యు లెందరో వారికి మిత్రులు. ఇంతయుండియు చేయగలిగినది స్వల్పము. రేడియము అను ధాతువును క్యూరీ దంపతులు 1898లోనే కనుగొనిరి. పాశ్చాత్యదేశములలో దానితో ఈ వ్యాధికి చికిత్స చేయుచుండిరి. దక్షిణదేశమున అట్టి చికిత్సకు ప్రత్యేకమైన ఆస్పత్రి లేదు. చదువురాని పల్లెటూరివాడు తన చెల్లెలి రోగము నయమగునని కడవరకు ఆశపడవచ్చును. ముత్తులక్ష్మికి ఆ యాశ పడు భాగ్యము కూడ లేకపోయెను. రేపు ఏమి జరుగునో, ఎల్లుండి ఏమి జరుగునో, పుస్తకములలో చదివియుండెను గనుక, ఆమెకు ముందుగనే తెలియును. తెలిసియు ముఖమున కనబడనీయక చెల్లెలికి ధైర్యము చెప్పవలెను.

ఇంటిలో మరణశయ్యపై నున్న రోగిని చూచుకొనుట యెంత కష్టమో అనుభవించినవారికే తెలియును. పగలు ఇంటిపని, రాత్రి జాగరణము. రోగి మూలిగినప్పుడెల్ల లేచి దిండు సరిచేయవలెను. పక్కబట్టలు దినమునకు పలుమారులు మార్చవలెను. మందు వేళ తప్పరాదు. రోగికి ఆకలి లేనపుడు, నాలుగు మెతుకులైన తినుమని బతిమాలుచు, తాము తినుట మరచిపోదురు. బంధువులు వచ్చి తలకొక సలహా చెప్పి పోవుదురు. నవ్వినచో తప్పు, ఏడ్చినచో అంతకంటె తప్పు. ఇట్లు నెలల తరబడి చేసిన పిదప రోగి కన్నుమూసినప్పుడు, తాము ఇంకను ఏదియో చేసియుండవలసినదని మనసు పీడించును. ఇల్లాండ్రు, తల్లులు, అక్కచెల్లెండ్రు మన దేశమున లక్షలాది యిండ్లలో ఈ సేవ చేసిరి, చేయుచున్నారు. వారి పేర్లు ఏ చరిత్రలోను కానరావు.

సుందరాంబాళు పోయినప్పుడు ముత్తులక్ష్మి రెండవ కుమారుడు కృష్ణమూర్తి నాలుగేండ్ల బాలుడు. ఈ బాలుని మాట మరల వచ్చును.

రెండేండ్ల పిమ్మట, 1925లో, ముత్తులక్ష్మి స్త్రీ శిశు వ్యాధులందు పైశిక్షణకై ఇంగ్లండునకు పోయెను. 1926లో పారిసు నగరమున జరిగిన అంతర్జాతీయ మహిళా మహాసభలో భారతస్త్రీల పక్షమున పాల్గొనెను. తిరిగి వచ్చిన పిదప మద్రాసు శాసనమండలికి సభ్యురాలుగా నియమింపబడెను. బ్రిటిషు ఇండియాలో శాసనసభలో కూర్చుండిన తొలి స్త్రీ ఆమె. సభ్యులందరు ఏకగ్రీవముగా ఆమెను ఉపాధ్యక్షురాలిగా నెన్నుకొనిరి.

ఆనాడు మన విశాఖపట్టణము జిల్లాయు మద్రాసు రాజధానిలోనిదే. గంజామునుండి కన్యాకుమారి దరిదాపులవరకు ఆ సభ చేసిన శాసనము చెల్లుచుండెను. కావున ముత్తులక్ష్మి చేసిన పని తమిళులకు మాత్రమే చెందినదని యనుకొనరాదు. చిన్న బాలికలను ఆలయములకు అంకితము చేయు ఆచారమును మాన్పుటకు ఆమె మండలిలో పోరాడెను. దేవదాసీలకు సేవకై యిచ్చిన మాన్యములను, సేవ మానినను వారికే చెందునట్లు చేయు చట్టము 1929లో వచ్చెను. భూమి పోవునను భయమున ఆచారమునకు కట్టుబడియుండిన కుటుంబములకు అది పెద్ద విడుదల. అంకితము చేయుటయే నేరమని చెప్పు చట్టము మాత్రము 1947లో గాని రాలేదు. బాల్యవివాహములకు ఎదురుగా మాటలాడుటయు, ఆస్పత్రులలో పిల్లలకు వేరుగా సౌకర్యములు కోరుటయు ఆమె మండలిలో చేసిన తక్కిన పనులలోనివి. పెద్దలు కొందరు ఆమెను నిందించిరి. పుట్టుకను ఎత్తి పొడిచినవారును లేకపోలేదు.

1930లో ప్రభుత్వము గాంధీమహాత్ముని నిర్బంధించినపుడు ఆమె ఆ పదవికి రాజీనామా చేసెను. ఆ దినములలోనే ముగ్గురు బాలికలు దేవదాసీవృత్తి వలదని పారిపోయి వచ్చి ఆశ్రయము కోరిరి. కులము పేరు చెప్పి వసతిగృహములు వారిని చేర్చుకొనలేదు. ముత్తులక్ష్మి వారిని తన యింటనే యుంచుకొనెను. ఆ ముగ్గురితో ఆరంభమైనదే అవ్వై గృహము. సంగకాలపు కవయిత్రి అవ్వైయారు పేర వెలసిన ఆ యాశ్రమము దిక్కులేని ఆడుపిల్లలకు విద్యాలయమై నేటికిని నడుచుచున్నది.

ఇన్ని పనుల నడుమ చెల్లెలిని ఆమె మరువలేదు. 1935లో మద్రాసు వైద్య కళాశాలకు నూరేండ్లు నిండిన యుత్సవము జరిగినపుడు, పూర్వవిద్యార్థినిగా ఆమె కేన్సరు రోగులకై ప్రత్యేకమైన ఆస్పత్రి కావలెనను కోరికను వెల్లడించెను. విన్నవారు మెచ్చుకొనిరి. మెచ్చుకొనుట తప్ప మరేమియు జరుగలేదు. నాలుగేండ్లకు ప్రపంచయుద్ధము వచ్చెను. అటుపై స్వాతంత్ర్యము. దేశమున ఆకలి, కలరా, మలేరియా, క్షయ పెచ్చుపెరిగియుండెను. క్రొత్త ప్రభుత్వమునకు తీర్చవలసిన కొరతలు వేయి.

1949లో మహిళా భారత సంఘము కేన్సరు నివారణ నిధి నొకదానిని స్థాపించెను. దానికి మూలపురుషుడు, ఈ మాట ఇచ్చట స్త్రీకి వాడవలసి వచ్చినది, ముత్తులక్ష్మియే. ఆమెకు అప్పటికి అరువదిమూడేండ్లు. ప్రభుత్వమును భూమి యిమ్మని, ధనమిమ్మని కోరగా అధికారులు చెప్పిన సమాధానము వింతయైనది. కేన్సరు వచ్చినవారు ఎట్లైనను చత్తురు గదా, వారికై ఆస్పత్రి యెందులకు అని వారు తలచిరి. నయమగు రోగములకే చాలినంత డబ్బు లేనపుడు నయము గాని రోగమునకు వ్యయము చేయుట తగదని వారి వాదము. వైద్యులలో కూడ పెక్కురు అట్లే తలచిరి.

విద్యార్థులు ఈ వాదమును తొందరపడి తోసివేయరాదు. ఇంట పది రూకలున్నవాడు, బ్రతుకు బిడ్డకు పాలు కొనవలెనా, చావనున్న తాతకు మందు కొనవలెనా యని అడిగినచో సమాధానము సులభము గాదు. కాని ఆ వాదమునందు ఒక పొరపాటు కలదు. ముందుగా గుర్తించినచో ఆ వ్యాధి పెక్కుచోట్ల నయమగునని పాశ్చాత్యదేశముల యనుభవము చెప్పుచుండెను. గుర్తించు నేర్పు గల వైద్యులును, చోటును లేనందుననే మన రోగులు ఆలస్యముగా వచ్చి మరణించుచుండిరి. ఆస్పత్రి లేదు గనుక చత్తురు. చత్తురు గనుక ఆస్పత్రి వలదు. ఈ చక్రమున చిక్కిన చెల్లెలిని కన్నులార చూచినది గనుక ముత్తులక్ష్మికి అది వాదముగా తోచలేదు.

ఆమె ఊరకుండలేదు. మహిళా సంఘమువారు ఇంటింటికి తిరిగి చందాలు పోగుచేసిరి. అర్ధణా యిచ్చినవారినుండియు, వేలు ఇచ్చినవారినుండియు సమముగా పుచ్చుకొనిరి. పూర్వము శాసనమండలిలో ఉపాధ్యక్షపీఠమున కూర్చుండిన స్త్రీ, ముదుసలితనమున చందాపుస్తకము పట్టుకొని పరుల వాకిళ్లలో నిలిచెను. ఎన్నో విజ్ఞప్తుల పిమ్మట అడయారులో స్థలము లభించెను. 1952 అక్టోబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్లాలు నెహ్రూ శంకుస్థాపన చేసెను.

1954 జూన్ 18వ తేదీన అడయారు కేన్సరు ఇన్స్టిట్యూటు పని ప్రారంభించెను. 12 మంచములు, ఇద్దరు వైద్యులు, ఇద్దరు నర్సులు, చిన్న కట్టడము. ఇంతే. సుందరాంబాళు పోయి ముప్పదియొక యేండ్లయ్యెను. అంతకు కొద్ది నెలల ముందే, 1953 అక్టోబరు 1న, ఆంధ్రరాష్ట్రము మద్రాసునుండి వేరుపడెను. మద్రాసు నగరము ఎవరిదను విషయమై ఎంత రభస జరిగినదో పెద్దలు చెప్పుదురు. కాని రోగమునకు ఈ సరిహద్దులు తెలియవు. తెలుగు జిల్లాలవారు మునుపటివలెనే రైలెక్కి పోవుచుండిరి. అడయారువారు వారిని చేర్చుకొనుచుండిరి.

ఆ తొలినాటి వైద్యులలో ముఖ్యుడు కృష్ణమూర్తి. పినతల్లి మరణించిననాడు నాలుగేండ్లవాడైన ఆ బాలుడు పెరిగి, వైద్యుడై, కేన్సరు చికిత్సయందు శిక్షణ పొంది వచ్చి తల్లి కోరికను తన పనిగా స్వీకరించెను. 1955లో శాంత యను యువతి ఆయనతో చేరెను. ప్రభుత్వోద్యోగము సిద్ధముగా నుండగా దానిని కాదని, గడ్డు జీతమునకు ఈ చిన్న ఆస్పత్రికి వచ్చినందులకు ఆమెను పలువురు తప్పుపట్టిరి. ఆమె ఆస్పత్రి ఆవరణమునందే కాపురముండి, అరువదియైదేండ్లకు పైగా రోగులకు సేవ చేసెను. ఈ డాక్టరు శాంత నోబెలు బహుమానము పొందిన చంద్రశేఖర వెంకటరామనుగారి కుటుంబమునకు చెందినది. ఆ రామనుగారు బాల్యమును గడపి పాఠశాలలో చదివినది మన విశాఖపట్టణముననే. ఆయన తండ్రి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. అడయారు కథలో మన యూరి పేరు ఈ విధముగా నొక మూలనుండి తొంగిచూచును.

1956లో భారతప్రభుత్వము ముత్తులక్ష్మికి పద్మభూషణ బిరుదము నిచ్చెను. 1968 జూలై 22వ తేదీన, ఎనుబదిరెండేండ్లు నిండుటకు ఎనిమిది దినములుండగా, ఆమె మద్రాసులో తనువు చాలించెను.

ఆమె మరణించుటకు ఒక సంవత్సరము ముందు, 1967 జూలైలో, లండను నగరమున సిసిలీ సాండర్సు అను స్త్రీ సెయింట్ క్రిస్టఫర్ పేర మరియొక విధమైన ఆలయమును తెరచెను. దానిని ఆంగ్లమున హాస్పిసు అందురు. సాండర్సు మొదట నర్సు. వెన్నునొప్పిచే ఆ పని మాని, రోగుల కుటుంబముల మంచిచెడ్డలు విచారించు ఉద్యోగము చేసెను. ముప్పదిమూడవ యేట వైద్యవిద్య మొదలుపెట్టి 1957లో వైద్యురాలయ్యెను. నయముగాని రోగులకు చేయవలసినది యేమియు లేదని వైద్యులు మంచము దాటి పోవుట ఆమెకు సహింపరానిదయ్యెను. బాధ వచ్చిన పిదప మందిచ్చుట కాదు, బాధ రాకముందే గడియారము చూచి వేళకు మందిచ్చినయెడల రోగి తెలివితో, నెమ్మదితో ఉండగలడని ఆమె నిరూపించెను. బాధ యనగా శరీరపు నొప్పి యొక్కటియే కాదు. అప్పుల దిగులు, పిల్లలను గూర్చిన బెంగ, ఒంటరితనము, ఇవన్నియు కలసిన ముద్ద యని ఆమె బోధించెను.

కథానాయికను విడిచి దూరదేశపు మాట చెప్పుటకు కారణము కలదు. సాండర్సు పద్ధతిలో రోగితోపాటు రోగి కుటుంబమును కూడ చికిత్సకు పాత్రమైనదిగా నెంచుదురు. 1969నుండి ఆ యాలయపు నర్సులు ఇండ్లకు పోయి, ఇంటివారికి సేవ చేయు విధము నేర్పిరి. కదలలేని రోగిని రెండు గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పినచో పడకపుండ్లు పడవు. ఎండిన నోటిని తడిబట్టతో తుడిచినచో రోగికి ప్రాణము లేచి వచ్చును. మింగలేనివానిని బలవంతపెట్టి తినిపింపరాదు. ఇట్టివి చిన్న సంగతులే, తెలియనివారికి కొండలు. సేవ చేయువారు కూడ నిద్రపోవలెననియు, అందులకై రోగిని కొలది దినములు తమవద్ద ఉంచుకొందుమనియు ఆ నర్సులు చెప్పుదురు. రోగి పోయిన పిదపను ఆ యింటికి వచ్చి, మిగిలినవారు ఎట్లున్నారో విచారింతురు.

మన దేశమున ఇట్టి మొదటి ఆలయము 1986లో బొంబాయిలో శాంతి అవేదన సదనము పేర వెలసెను. 1993లో కేరళమునందలి కోళిక్కోడులో మరియొక త్రోవ తెరువబడెను. అచ్చట ఆస్పత్రి గోడలు దాటి, ఇరుగుపొరుగువారికే శిక్షణ యిచ్చి, ఊరిలోని రోగిని ఊరివారే చూచుకొను ఏర్పాటు చేసిరి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సరు ఆస్పత్రిలోను ఈ సేవాశాఖ నడుచుచున్నది. అడ్డంకులును లేకపోలేదు. నొప్పి మాన్పు మార్ఫిను నల్లమందునుండి వచ్చును. గసగసాల మొక్క మన దేశముననే పండును. అయినను మత్తుమందుల దుర్వినియోగమును అరికట్టుటకై 1985లో చేసిన చట్టము నిజమైన రోగులకును ఆ మందు నందకుండ చేసెను. 2014లో దానిని సవరించిరి.

1923లో ముత్తులక్ష్మి యింట కొరవడినవి రెండు. రోగమును వేళకు గుర్తించి నయముచేయు చోటు ఒకటి. నయము కానపుడు రోగికిని, రాత్రింబవళ్లు కాచుకొని యుండువారికిని ఆసరా యగు చేయి మరియొకటి. ఆమె మొదటిదానికై తన వార్ధక్యమంతయు ధారపోసెను. రెండవది ఆమె కాలమున ఈ దేశమునకు రాలేదు. ఆమె రెండింటిని ఏల సాధింపలేదని అడుగుట న్యాయము కాదు. ఒక్కదానికే ముప్పదియొక యేండ్లు పట్టెను.

డాక్టరు కృష్ణమూర్తి 2010లోను, డాక్టరు శాంత 2021 జనవరి 19వ తేదీనను మరణించిరి. ముత్తులక్ష్మి పుట్టిన జూలై 30వ తేదీని తమిళనాడు ప్రభుత్వము తన ఆస్పత్రులలో ఆస్పత్రి దినముగా జరుపుచున్నది. అగనంపూడి ఆస్పత్రి వచ్చిన పిమ్మటను మా యూరి స్టేషనులో మద్రాసు పోవు బండి కొరకు, ఎక్సురే పటముల సంచి యొడిలో పెట్టుకొని, గోడకు చేరగిల పడిన రోగి తలక్రింద తన భుజము నుంచి కూర్చున్నవారు అప్పుడప్పుడు కనబడుచునే యున్నారు.